అద్దె ఇంట్లో కర్రీ పాయింట్ వంట: ఖాళీ చేయించకుండా ఆపించేదెలా?

ప్రశ్న: మియాపూర్‌లో మూడో అంతస్తులో నాకు రెండు పడకగదుల ఫ్లాటు ఉంది. మూడేళ్లుగా ఒక కుటుంబం అద్దెకు ఉంటోంది. నెలకు 22,000 రూపాయల అద్దె ఐదో తారీకు దాటకుండా ఖాతాలో పడుతుంది. ఆరు నెలలుగా ఆ ఇంటి ఇల్లాలు కూరలు వండి రెండు హాస్టళ్లకూ ఒక కర్రీ పాయింట్‌కూ పంపుతోంది. బాల్కనీలో పెద్ద పొయ్యి, నాలుగు సిలిండర్లు పెట్టారు. జిడ్డు పేరుకుని కింది ఫ్లాటు సింకులోకి రెండుసార్లు మురుగు ఎగదన్నింది. అసోసియేషన్ వాళ్లు నాకు ఉత్తరం రాశారు. నేను రెండుసార్లు చెప్పి చూశాను. “సరే ఆంటీ” అంటారు, మళ్లీ మామూలే. మూడేళ్ల కిందట 100 రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నాం, తరువాత తిరగరాయలేదు. అందులో “నివాసానికి మాత్రమే” అని ఉంది. మా మరిది నీళ్లు ఆపేయమంటున్నాడు. మా అబ్బాయి వకీలు చేత ఖాళీ నోటీసు ఇప్పించమంటున్నాడు. నాకు కావలసింది వాళ్లు వెళ్లిపోవడం కాదు, ఆ వంట ఆగడం. ఏం చేయాలి? (పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: మీ మరిది గారి సలహానూ మీ అబ్బాయి సలహానూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో చివరి నుంచి రెండో వాక్యం ఉంది చూడండి, దాన్నే పద్ధతిగా కాగితం మీద పెట్టి, సంతకం చేసి, వాళ్లకు అందినట్టు రుజువు ఉండేలా పంపాలి. మీరు ఇప్పుడు చేయవలసిన పని అదొక్కటే. మీరు నోటితో చెప్పిన రెండు మాటలూ చట్టం దృష్టిలో నోటీసు కావు. మీరు చెప్పారనడానికి గానీ, వాళ్లు “సరే” అన్నారనడానికి గానీ రేపు చూపించడానికి మీ చేతిలో ఏమీ లేదు.

అద్దెదారు షరతు తప్పితే సరిదిద్దుకునే అవకాశం ముందుగా ఇవ్వాలన్నది మంచితనానికి సంబంధించిన మాట మాత్రమే కాదు, చట్టంలోనే ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టానికి 1929లో 114ఎ అనే సెక్షన్ చేర్చారు. షరతు ఉల్లంఘించినందుకు కౌలు హక్కు (ఇక్కడ కౌలు అంటే అద్దే) పోయిందంటూ ఇల్లు ఖాళీ చేయించే దావా వేయదలచిన యజమాని, ఆ ఉల్లంఘన ఏదో నిర్దిష్టంగా పేర్కొంటూ, అది సరిదిద్దడానికి వీలైనదైతే సరిదిద్దమని కోరుతూ ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలనీ, సహేతుకమైన వ్యవధిలో అద్దెదారు ఆ పని చేయకపోతేనే దావా నిలుస్తుందనీ ఆ సెక్షన్ సారాంశం. అంటే మీ అబ్బాయి చెప్పిన దారిలో షరతు ఉల్లంఘనను కారణంగా చూపి వెళ్లదలచినా, మొదటి మెట్టు ఈ నోటీసే.

మీరు చెప్పిన తప్పులన్నీ సరిదిద్దడానికి వీలైనవే. వంట ఆపవచ్చు, పొయ్యి తీసేయవచ్చు, సిలిండర్లు తరలించవచ్చు, పైపు బాగు చేయించవచ్చు. ఇల్లు తీసుకున్నవారు మీకు చెప్పకుండా దాన్ని ఇంకొకరికి అద్దెకు ఇచ్చేసి ఉంటే సంగతి వేరుగా ఉండేది. ఇతరులకు అప్పగించకూడదన్న షరతును, అద్దె బకాయికి సంబంధించిన షరతును 114ఎ సెక్షన్ తన పరిధి నుంచి మినహాయించింది. మీకు ఆ రెండు చిక్కులూ లేవు కనుక వాటి జోలికి పోను.

మీ అగ్రిమెంటు గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో మీరు ఊహించని బలహీనత ఒకటుంది. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది లోపు కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నది నిజమే గానీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధనను సవరించి, 1999 ఏప్రిల్ 1 నుంచి ఎంత స్వల్పకాలానికి రాసిన కౌలు పత్రాన్నైనా రిజిస్టర్ చేయాలన్నారు. మీది 100 రూపాయల కాగితం మీద రాసుకున్నదే తప్ప రిజిస్టర్ అయినట్టు మీరు రాయలేదు. అలాంటి కాగితంలోని “నివాసానికి మాత్రమే” అన్న ఒక్క వాక్యాన్నే పట్టుకుని కోర్టుకు వెళితే, ఎదుటి వకీలు మొదట లేవనెత్తే అభ్యంతరం ఆ కాగితం చెల్లుబాటు గురించే అవుతుంది. దానికి తోడు, షరతు తప్పితే కౌలు రద్దు కావాలంటే, తప్పిన పక్షంలో యజమాని ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చన్న మాట కూడా ఒప్పందంలో ఉండాలి. స్టాంపు వెండరు దగ్గర దొరికే అచ్చు నమూనాల్లో ఆ వాక్యం ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మీ కాగితం తీసి ఒకసారి చదవండి.

అది లేకపోయినా కంగారు పడనక్కర్లేదు. అగ్రిమెంటులో ఏం రాసుకున్నా, రాసుకోకపోయినా, అద్దెదారు మీద చట్టమే పెట్టిన బాధ్యతలు కొన్ని ఉన్నాయి. అదే చట్టంలో 108వ సెక్షన్‌లోని ‘ఓ’ క్లాజు ప్రకారం, అద్దెదారు ఇంటిని ఏ పనికి తీసుకున్నాడో ఆ పనికి తప్ప వేరే పనికి వాడకూడదు, ఇతరులను వాడనివ్వకూడదు. ‘ఎం’ క్లాజు ప్రకారం, తన చేష్టల వల్లో నిర్లక్ష్యం వల్లో ఇంటికి కలిగిన లోపాన్ని గురించి యజమాని నోటీసు ఇస్తే, మూడు నెలల్లోగా దాన్ని బాగు చేయించాలి. కాబట్టి మీ నోటీసును అగ్రిమెంటు షరతు మీద, చట్టం పెట్టిన బాధ్యత మీద, రెంటి మీదా నిలబెట్టండి. ఒకటి వీగినా రెండోది ఆదుకుంటుంది.

పదకొండు నెలలు ముగిశాక కూడా వాళ్లు ఉంటూ, మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కనుక, ఇప్పుడు మీ మధ్య ఉన్నది నెలనెలా సాగే అద్దె సంబంధం. తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నగరపాలక సంస్థల పరిధిలో 3,500 రూపాయలకు మించిన అద్దె ఇళ్లకు వర్తించదు కాబట్టి, ఆ చట్టం గురించి మీకెవరైనా చెప్పినా పట్టించుకోకండి.

ఇక నోటీసు సంగతి. దీనికి వకీలు తప్పనిసరి కాదు, ఇంగ్లీషూ తప్పనిసరి కాదు. చదవవలసిన వాళ్లకు తెలుగు వచ్చినప్పుడు తెలుగులో రాయడమే మేలు. వంట చేస్తున్నది ఆవిడే అయినా, అగ్రిమెంటు ఎవరి పేరున ఉందో వారికే నోటీసు ఇవ్వాలి. అది భర్త పేరున ఉంటే ఆయన పేరు ముందు పెట్టి, ఆవిడ పేరు కూడా చేర్చండి. చట్టం “ఇతరులను వాడనివ్వకూడదు” అన్నది కాబట్టి, “వంట నాది కాదు, మా ఆవిడది” అనే జవాబుకు చోటు ఉండదు. ఫ్లాటు మీతోపాటు ఇంకెవరి పేరునైనా ఉంటే వారి సంతకమూ తీసుకోండి.

నోటీసులో అన్నిటికన్నా ముఖ్యమైనది నిర్దిష్టత. కొన్నేళ్ల కిందట ఒక యజమాని నాకు చూపించిన నోటీసు నాలుగు పేజీలుంది. అందులో అద్దెదారు కొడుకు మెట్ల మీద చెప్పులు విడవడం దగ్గరనుంచి, పండగకు పలకరించకపోవడం దాకా అన్నీ ఉన్నాయి. అసలు గొడవ టెర్రస్ మీద అనుమతి లేకుండా వేసిన రేకుల షెడ్డు గురించి. అది మూడో పేజీలో, సగం వాక్యంలో ఉంది. చదివినవాడికి కోపం వస్తుందే తప్ప ఏం చేస్తే గొడవ తీరుతుందో తెలియదు. “మీరు ఇంటిని దుర్వినియోగం చేస్తున్నారు, వెంటనే మీ పద్ధతి మార్చుకోవాలి” వంటి వాక్యాలకూ ఇదే జబ్బు. ఏది దుర్వినియోగం, ఏ పద్ధతి, వెంటనే అంటే ఎప్పటికి? మీ విషయంలో నేనైతే ఇలా రాస్తాను:

“శ్రీ ఫలానా గారికి, శ్రీమతి ఫలానా గారికి. మియాపూర్‌లోని ఫలానా అపార్ట్‌మెంట్‌లో ఫలానా నంబరు ఫ్లాటును కుటుంబ నివాసానికి మాత్రమే మీకు అద్దెకు ఇచ్చాను. మన ఒప్పందంలోని ఫలానా షరతు కూడా అదే చెబుతోంది. అయితే ఫలానా నెల నుంచి మీరు ఈ ఫ్లాటులో అమ్మకం కోసం రోజూ కూరలు వండి బయటికి పంపుతున్నారు. ఫలానా తేదీన నేను వచ్చినప్పుడు బాల్కనీలో ఒక పెద్ద పొయ్యి, నాలుగు గ్యాసు సిలిండర్లు ఉన్నాయి. ఫలానా తేదీన ఒకసారి, ఫలానా తేదీన ఇంకొకసారి వంటింటి మురుగు పైపు జిడ్డుతో పూడుకుపోయి కింది ఫ్లాటు సింకులోకి నీరు ఎగదన్నింది. రెండోసారి ప్లంబరు ఇచ్చిన బిల్లు నకలు జతపరుస్తున్నాను. ఇది మన ఒప్పందానికీ, ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ సెక్షన్‌కూ విరుద్ధం. ఇవి సరిదిద్దగలిగినవే కనుక సరిదిద్దమని కోరుతున్నాను. సిలిండర్లను, పెద్ద పొయ్యిని ఈ నెల ఫలానా తేదీలోగా ఫ్లాటు నుంచి తీసివేయండి. అమ్మకం కోసం వండటాన్ని వచ్చే నెల ఫలానా తేదీకల్లా పూర్తిగా ఆపండి. మురుగు పైపును ఫలానా తేదీలోగా శుభ్రం చేయించి, పాడైన భాగం మార్పించి, బిల్లు నాకు చూపించండి. మీ కుటుంబం కోసం మీరు వండుకోవడానికి నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. పై మూడు పనులూ ఆ తేదీల్లోగా పూర్తయితే ఈ విషయాన్ని ఇంతటితో ముగిస్తాను. పూర్తి కాకపోతే చట్టప్రకారం నాకున్న హక్కులను వినియోగించుకోవలసి వస్తుంది.”

ఇంతే. ‘ఫలానా’ ఉన్నచోటల్లా అసలు వివరాలు రాయండి. ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెబుతాను. “పదిహేను రోజుల్లోగా” అనకుండా తేదీలే వేయమన్నది, ఆ రోజుల లెక్క కాగితం రాసిన నాటి నుంచా, అందిన నాటి నుంచా అన్న వాదన పుట్టకుండా ఉండటానికి. “మీ కుటుంబం కోసం వండుకోవడానికి అభ్యంతరం లేదు” అన్న వాక్యాన్ని తీసేయవద్దు. అపార్ట్‌మెంట్లలో ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు, కొందరు మాంసం వాసన గురించో, వచ్చిపోయే చుట్టాల గురించో తమ అయిష్టాన్ని కూడా ఇదే సందున దూర్చేస్తారు. అసోసియేషన్ వాళ్ల ఉత్తరంలో అలాంటి మాట ఏదైనా ఉంటే మీ నోటీసులోకి రానివ్వకండి. వాళ్లింట్లో వాళ్లు ఏం వండుకు తింటారన్నది ఉల్లంఘన కాదు, అమ్మకానికి వండటమే ఉల్లంఘన. ఈ గీత చెరిగిపోతే మీ నోటీసు ఫిర్యాదుల మూటగా కనిపిస్తుంది.

వ్యవధి ఎంతన్నది 114ఎ సెక్షన్ రోజుల లెక్కన చెప్పలేదు, సహేతుకంగా ఉండాలని మాత్రమే చెప్పింది. అగ్రిమెంటులో వ్యవధి రాసుకుని ఉంటే దానికన్నా తగ్గించకండి. లేకపోతే పనిని బట్టి వేర్వేరు గడువులు ఇవ్వడం న్యాయం. మూడో అంతస్తు బాల్కనీలో నాలుగు సిలిండర్లంటే ఆ మెట్ల మీద ఎక్కిదిగే అందరి ప్రాణాలతో ముడిపడ్డ సంగతి కనుక రెండు మూడు రోజులు చాలు. పైగా 14.2 కిలోల గృహవినియోగ సిలిండరును వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. వ్యాపారానికి 19 కిలోల సిలిండర్లు వేరే ఉంటాయి. అక్కడున్నవి ఏవో చూసి రాసుకోండి. వంట ఆపడానికి మాత్రం నెల రోజులు ఇవ్వండి. హాస్టళ్లతో నెలవారీ ఒప్పందం ఉండి ఉంటుంది, తీసుకున్న డబ్బు ఉండి ఉంటుంది, వేరే చోట చిన్న గది చూసుకోవాలంటే సమయం పడుతుంది. నాలుగు రోజుల్లో ఆపమంటే ఆపరు, రేపు కోర్టు కూడా ఆ గడువును సహేతుకం అనదు. పైపు పనికి చట్టం మూడు నెలలు ఇచ్చింది. మీరు నెలరోజుల్లో చేయించమని కోరవచ్చు గానీ, ఆ ఒక్కదాని ఆలస్యాన్ని పట్టుకుని మూడు నెలల లోపు తగువుకు దిగకండి. కింది ఫ్లాటు వారికి మీరు ఇప్పటికే ఏమైనా డబ్బు చెల్లించి ఉంటే రసీదుతో సహా ఆ మొత్తం అడగండి. చెల్లించకపోతే అంకె వేయకండి. అడ్వాన్సులోంచి కోసుకుంటానని కూడా ఇప్పుడే రాయవద్దు.

ఇంకో సంగతి మీరు రాయలేదు గానీ చూసుకోవలసినది. కరెంటు మీటరు మీ పేరునే ఉండి ఉంటుంది. గృహవినియోగానికి తీసుకున్న కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద దాన్ని అనధికార వినియోగంగా లెక్కగట్టి, వర్తించే రేటుకు రెట్టింపు చొప్పున వసూలు చేయవచ్చు. కూరలు గ్యాసు మీదే ఉడుకుతున్నా, పెద్ద ఫ్రిజ్జు, గ్రైండరు, ఎగ్జాస్ట్ ఫ్యాను నడిచేది ఆ మీటరు మీదే. ఆరు నెలల కిందటి బిల్లుల్లో యూనిట్లు ఎన్ని, ఇప్పుడెన్ని అన్నది పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే ఆ బిల్లుల నకళ్లు నోటీసుకు జతచేయడానికి పనికొస్తాయి. ఈ వంటతో మీకేం నష్టమని వాళ్లు అడిగితే అదే జవాబు.

నోటీసు రెండు ప్రతులు తీయండి. ఒకటి మీరే వెళ్లి చేతికి ఇచ్చి, రెండోదాని మీద “అందినది” అని తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే గొడవపడకుండా వచ్చేయండి. ఎలాగూ అదే రోజు పోస్టులో కూడా పంపాలి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పంపి రసీదు భద్రపరచండి. సరైన చిరునామాకు వెళ్లిన కవరును తీసుకోనని తిప్పి పంపినా అందినట్టుగానే కోర్టులు సాధారణంగా పరిగణిస్తాయి. వాట్సాప్‌లో ఫొటో తీసి పంపడం మంచిదే, కానీ దానితో సరిపెట్టుకోకండి. చేతికి ఇచ్చేటప్పుడు వాచ్‌మన్‌ను గానీ అసోసియేషన్ సెక్రటరీని గానీ వెంట తీసుకెళ్లకండి. మూడేళ్లుగా మిమ్మల్ని ఆంటీ అంటున్న వాళ్లు మీ ఒక్కరి ముందు ఒప్పుకునే మాటను నలుగురి ముందు ఒప్పుకోలేరు.

గడువు నడుస్తుండగా అద్దె తీసుకోవచ్చు. జాగ్రత్త పడవలసింది ఆ తరువాత. గడువు దాటినా వంట ఆగలేదని తెలిసి, కౌలు హక్కు పోయిందన్న స్థితి వచ్చాక కూడా ఏమీ అనకుండా ఆపైన అద్దె పుచ్చుకుంటే, ఆ తప్పును మీరు మన్నించినట్టుగా 112వ సెక్షన్ కింద వాదించవచ్చు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది కనుక మీరు ఆపలేరు. ఆ రోజే “నా నోటీసులోని హక్కులకు భంగం లేకుండా ఈ అద్దె జమ చేసుకుంటున్నాను” అని ఒక సందేశం పంపి ఉంచండి. అది ప్రతినెలా చేయాలి.

గడువు రోజున వెళ్లి చూడటం మీ హక్కే. యజమాని తగిన వేళల్లో లోపలికి వచ్చి ఇంటి స్థితి చూసుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతోంది. అయితే ముందురోజు కబురు చేసి, వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే వెళ్లండి. మీ దగ్గర మారుతాళం ఉన్నా వాడకండి. బాల్కనీ, సింకు కింది పైపు, మీటరు ఫొటోలు తీసుకుంటే చాలు, పడకగదుల్లోకి పోనక్కర్లేదు.

మూడు పనులూ జరిగితే, జరిగాయని మీరే ఒక చిన్న ఉత్తరం రాసి ఇవ్వండి. చాలామంది యజమానులు ఈ పని చేయరు, నోటీసును కత్తిలా తలమీద వేలాడదీసి ఉంచుతారు. తప్పు దిద్దుకున్నవాళ్లకు ఆ విషయం ముగిసిందన్న కాగితం ఇవ్వడం న్యాయం. మళ్లీ ఏడాదికి అదే వంట మొదలైతే, ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టారనడానికి మీకు కూడా అదే రుజువు.

జరగకపోతే మీ అబ్బాయి చెప్పిన వకీలు అప్పుడు కావాలి. ఒప్పందంలో తిరిగి స్వాధీనం చేసుకునే మాట ఉంటే ఉల్లంఘన కారణంగా కౌలు రద్దు చేస్తున్నట్టు రెండో నోటీసు ఇవ్వవచ్చు. లేదా నెలనెలా సాగే అద్దె కనుక 106వ సెక్షన్ కింద, ఏ కారణమూ చూపనక్కర్లేకుండా, పదిహేను రోజుల నోటీసుతో అద్దెను ముగించవచ్చు. మీ కాగితం రిజిస్టర్ కాలేదు కాబట్టి వకీళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఈ రెండో దారే. “ఆ మాత్రానికి మొదటే ఖాళీ నోటీసు ఇవ్వొచ్చుగా?” అని మీ అబ్బాయి అడగవచ్చు. ఇవ్వవచ్చు, కానీ మీరు కోరుతున్నది అది కాదు. ఖాళీ చేయమన్న మాట, సరిదిద్దమన్న మాట ఒకే కాగితంలో పెడితే, ఎలాగూ పొమ్మంటున్నారు కదా అని వాళ్లు వెళ్లేదాకా ఇంకో పొయ్యి తెచ్చి వండుతారు.

ఇక నీళ్లు ఆపడం, కరెంటు తీయడం, తాళం మార్చడం. వీటిలో దేనికీ మీరు ఒప్పుకోకండి. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొట్టబడినవారు, యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. ఈ రోజు తప్పు వాళ్ల వైపు ఉంది. నీళ్ల వాల్వు తిప్పిన మరుక్షణం అది మీ వైపుకు వస్తుంది, హాస్టల్ కూరల సంగతి అందరూ మరిచిపోతారు.

అసోసియేషన్ ఉత్తరానికి కూడా జవాబు బాకీ ఉంది. అద్దెదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాననీ, వంట ఆపడానికి ఫలానా తేదీ గడువు ఇచ్చాననీ రెండు వాక్యాల్లో సెక్రటరీకి రాయండి. నోటీసు నకలు మాత్రం ఇవ్వకండి. అది లిఫ్టు పక్కన బోర్డు మీద అతికించి కనిపించడానికి ఒక్క పూట చాలు.